కోపానికి గడి లేని బ్యాలెట్: బ్రిటన్‌లో నిరసన ఓటు ఎటు పోతుంది?

క్లుప్తంగా

2024 జులై 4న జరిగిన బ్రిటన్ పార్లమెంటు ఎన్నికల్లో లేబర్ పార్టీ 33.7 శాతం ఓట్లతో 411 సీట్లు గెలుచుకుంది. పోలింగ్ 60 శాతం దగ్గరే ఆగిపోయింది. రాజకీయాల మీద జనానికి పేరుకున్న విసుగు చాలా దారుల్లో బయటపడింది. కొందరు ఇంట్లో కూర్చున్నారు, కొందరు బ్యాలెట్ పాడుచేశారు, కొందరు వేళాకోళానికి నిలబడ్డ అభ్యర్థికి గుద్దారు. మిగతావాళ్లు ఇండిపెండెంట్ల వైపో, మూడో పార్టీ వైపో పోయారు, లేదా గెలవగలిగే ప్రత్యర్థిని చూసుకుని వేశారు. కోపం ఎంత ఉందన్నదాని కంటే అది ఎక్కడ పోగుపడిందన్నదే ఫలితాన్ని తేల్చింది. అది ఎలా జరుగుతుందో, తర్వాత ఏమవుతుందో ఈ వ్యాసం వివరిస్తుంది.

ఒక్క సీటు, మూడు రకాల కోపం

జులై 5, అప్పుడే తెల్లవారింది. తూర్పు ఇంగ్లండ్‌లోని కింగ్స్ లిన్ పట్టణంలో సౌత్ వెస్ట్ నార్ఫోక్ నియోజకవర్గం లెక్కింపు పూర్తయింది. అభ్యర్థులు వేదిక ఎక్కారు కానీ ఒకరు రాలేదు. ఆ ఒకరు మాజీ ప్రధాని లిజ్ ట్రస్. చూసి చూసి విసిగిన జనం ఆగి ఆగి చప్పట్లు చరచడం మొదలుపెట్టారు. మెచ్చుకోలు చప్పట్లు కావవి, ఇంకెంతసేపని దెప్పే చప్పట్లు. చివరికి ఆమె వచ్చారు, ఫలితం చదివారు. 630 ఓట్ల తేడాతో ఓటమి. 2019లో అదే సీటులో ఆమె మెజారిటీ 26,195.

మర్నాటి వార్తల్లో ఇది లేబర్ గెలుపు. అంకెలు మాత్రం అంత సూటిగా లేవు. లేబర్ అభ్యర్థి టెర్రీ జెర్మీకి 11,847 ఓట్లు, ట్రస్‌కు 11,217, వలసలను వ్యతిరేకించే పార్టీ రిఫార్మ్ యూకే అభ్యర్థికి 9,958, ఇండిపెండెంట్‌గా నిలబడ్డ జేమ్స్ బ్యాగ్‌కు 6,282 వచ్చాయి. గెలిచిన జెర్మీ వాటా 26.7 శాతం. అంటే ఓటేసిన ప్రతి నలుగురిలో దాదాపు ముగ్గురు ఆయన్ని కోరుకోలేదు.

బ్యాగ్ వామపక్షం మనిషేమీ కాదు, కన్జర్వేటివ్ కుదురు నుంచి వచ్చినవాడే. 2009లో ట్రస్‌ను అభ్యర్థిగా దించినప్పుడు ఎదురుతిరిగిన స్థానిక పార్టీ వర్గాన్ని 'టర్నిప్ తాలిబన్' అని పత్రికలు ఎగతాళి చేశాయి. టర్నిప్ అంటే ముల్లంగి జాతి దుంప, అక్కడి పొలాల్లో పండే పంట. పదిహేనేళ్ల తర్వాత బ్యాగ్ ప్రచారంలో ఆ పేరు మళ్లీ వినబడింది. ఆయనకు పడినవి ట్రస్ మీద అలిగిన కన్జర్వేటివ్ ఓట్లు. రిఫార్మ్‌కు పడినవి వలసల మీదా, మొత్తం వ్యవస్థ మీదా కోపంతో పడిన ఓట్లు. లేబర్‌కు పడినవాటిలో చాలా భాగం పద్నాలుగేళ్ల కన్జర్వేటివ్ పాలన మీద విసుగు. మూడు కోపాలు ఒకే పెట్టెలో పడ్డాయి కానీ సీటు ఒక్కటే. దేశమంతా జరిగిందేమిటో ఈ ఒక్క నియోజకవర్గంలోనే కనబడుతుంది.

తక్కువ ఓట్లు, ఎక్కువ సీట్లు

లేబర్ 2017లో 1.29 కోట్ల ఓట్లు తెచ్చుకుని 262 సీట్లతో ఓడిపోయింది. 2019లో 1.03 కోట్ల ఓట్లతో చిత్తుగా ఓడింది. 2024లో 97 లక్షల ఓట్లతో ప్రభంజనం సృష్టించింది. అచ్చుతప్పు కాదు, ఓట్లు తగ్గుతూ వచ్చాయి, సీట్లు పెరిగాయి. పూర్తి మెజారిటీతో గద్దెనెక్కిన ఏ పార్టీకీ రెండో ప్రపంచ యుద్ధం తర్వాత ఇంత తక్కువ శాతం ఓట్లు రాలేదు. అంతకుముందు రికార్డు కూడా లేబర్‌దే, 2005లో 35.2 శాతం.

అసలు జరిగింది కన్జర్వేటివ్‌ల పతనం. 2019లో దాదాపు 1.4 కోట్ల ఓట్లున్న పార్టీ 68 లక్షలకు దిగింది, 365 సీట్ల నుంచి 121కి పడిపోయింది. పోలింగ్ తర్వాత జరిగిన సర్వేల ప్రకారం 2019 నాటి కన్జర్వేటివ్ ఓటర్లలో దాదాపు నాలుగో వంతు రిఫార్మ్‌కు మళ్లారు. కొందరు లేబర్‌కో, మధ్యేవాద పార్టీ లిబరల్ డెమోక్రాట్లకో పోయారు, చాలామంది గడప దాటలేదు. పోలింగ్‌కు ముందు యూగవ్ సంస్థ లేబర్‌కు ఎందుకు వేస్తున్నారని అడిగితే, కన్జర్వేటివ్‌లను దించడానికే అన్నవారు 48 శాతం. లేబర్ విధానాలు నచ్చి అన్నవారు 5 శాతం. బ్రిటిష్ వ్యాఖ్యాతలు దీన్ని 'ప్రేమ లేని ఘనవిజయం' అన్నారు. పేరు బాగానే కుదిరింది.

మన లోక్‌సభ ఎన్నికల్లాగే అక్కడా ఎవరికి ఒక్క ఓటు ఎక్కువొస్తే వారిదే సీటు. ఈ పద్ధతిలో ప్రత్యర్థి ఓటు చీలితే తన ఓటు పెరగకపోయినా గెలవొచ్చని తెలుగు పాఠకులకు కొత్తగా చెప్పనక్కర్లేదు. బ్రిటన్‌లో మార్పేమిటంటే ఇంత చీలిక వారికి కొత్త. 1951లో రెండు పెద్ద పార్టీలకూ కలిపి దాదాపు 97 శాతం ఓట్లు పడ్డాయి. 2024లో పడింది 57 శాతమే. ఇద్దరి కుస్తీకి సరిపోయే బరిలో ఇప్పుడు అయిదారుగురు దిగారు.

విసుగు ఎక్కడ మొదలైంది

ఒక్క రోజులో పుట్టిన విసుగు కాదిది. 2016 జులై నుంచి 2022 అక్టోబర్ వరకు, ఆరేళ్ల పైచిలుకులో, డౌనింగ్ స్ట్రీట్ పదో నంబర్ ఇంట్లో అయిదుగురు ప్రధానులు కనబడ్డారు. కోవిడ్ లాక్‌డౌన్‌లో జనం అయినవాళ్ల అంత్యక్రియలకు కూడా వెళ్లలేక ఇంట్లో ఏడుస్తుంటే ప్రధాని కార్యాలయంలో విందులు జరిగాయని బయటపడింది. బోరిస్ జాన్సన్‌కు, అప్పటి ఆర్థిక మంత్రి రిషి సునాక్‌కు 2022 ఏప్రిల్‌లో పోలీసులు జరిమానా వేశారు. ఆ సెప్టెంబర్ 23న ట్రస్ ప్రభుత్వం నిధులెక్కడివో చెప్పకుండా భారీ పన్ను కోతలు ప్రకటించింది. పౌండ్ పడింది, ఇంటి రుణాల వడ్డీలు ఎగబాకాయి. ఆమె ప్రధానిగా ఉన్నది 49 రోజులు. ఆ పదవి ముందు వాడిపోతుందా, లెట్యూస్ ఆకుకూర ముందు వాడిపోతుందా అని ఒక టాబ్లాయిడ్ పత్రిక కెమెరా పెట్టి లైవ్ నడిపింది. ఆకుకూరే గెలిచింది.

జోకులకు నవ్వుకున్నా ఇంటి ఖర్చు నవ్వులాట కాదు. 2022 అక్టోబర్‌లో ధరల పెరుగుదల రేటు 11.1 శాతానికి చేరింది, నలభై ఏళ్లలో అంత లేదు. ఎన్నికల నాటికి ఇంగ్లండ్ ప్రభుత్వ ఆసుపత్రుల్లో చికిత్స కోసం వేచి ఉన్న కేసుల జాబితా దాదాపు 76 లక్షలు. ప్రచారం నడుస్తుండగానే, ఎన్నికల తేదీ మీద ముందుగా పందేలు కాశారన్న ఆరోపణతో పాలక పార్టీవారి మీద జూదాల నియంత్రణ సంస్థ విచారణ మొదలుపెట్టింది.

ఇదంతా ఒక పార్టీ మీద కోపమైతే జనం రెండో పార్టీని ఉత్సాహంగా నెత్తిన పెట్టుకోవాలి. 1997లో టోనీ బ్లెయిర్ విషయంలో అదే జరిగింది. 2024లో జరగకపోవడానికి ఒక కారణం డబ్బు. పెద్ద పన్నులు పెంచబోమని రెండు పార్టీలూ మాటిచ్చాయి, సేవలు మెరుగుపరుస్తామనీ చెప్పాయి. ఈ రెండూ ఎలా కుదురుతాయో ఎవరూ చెప్పలేదు. దీన్ని ఫిస్కల్ స్టడీస్ సంస్థ ఆర్థికవేత్తలు 'మౌన కుట్ర' అన్నారు. ఓటరు భాషలో చెప్పాలంటే దొందూ దొందే. పార్టీ ప్రయోజనం కంటే దేశ ప్రయోజనాన్ని ముందు పెడతాయని ప్రభుత్వాలను 'దాదాపు ఎప్పుడూ నమ్మం' అన్నవారు బ్రిటిష్ సోషల్ ఆటిట్యూడ్స్ సర్వేలో 45 శాతానికి చేరారు. ఆ సర్వే చరిత్రలో అదే గరిష్ఠం.

ఇంట్లో కూర్చున్నవారి లెక్క

నిరసనలో సులువైన రకం వెళ్లకపోవడం. 1950లో 84 శాతం ఓటేసిన దేశంలో 1992 నాటికి అది 78కి దిగింది. 2001లో 59.4కి కూలింది. మధ్యలో కోలుకుని 2024లో మళ్లీ దాదాపు అక్కడికే వచ్చింది. 2001, 2024 రెంటికీ ఒక పోలిక ఉంది. రెండుసార్లూ ఎవరు గెలుస్తారో వారాల ముందే సర్వేలు తేల్చేశాయి. ఎలాగూ తేలిపోయిన ఆటకు టికెట్ కొనేవారు తక్కువ. కాబట్టి ఇంట్లో కూర్చున్న ప్రతివారూ అలిగినవారే అనుకోవడం పొరపాటు. బద్ధకం, ధీమా, అలక, మూడూ లెక్కలో ఒకేలా కనబడతాయి. ఈ నిరసనలోని పెద్ద లోపం అదే, దాన్ని చదవడం ఎవరికీ చేతకాదు.

ఫోటో గుర్తింపు కార్డు తప్పనిసరి చేసిన మొదటి పార్లమెంటు ఎన్నిక కూడా ఇదే. కార్డు లేక వెనుదిరిగి మళ్లీ రానివారు ఎన్నికల కమిషన్ అంచనాలో సుమారు 16 వేలు. చాలా లక్షణాలున్న రోగానికి ఇదొక చిన్న లక్షణం మాత్రమే.

వెళ్లనివారు దేశమంతా ఒకేలా లేరు. సంపన్నులుండే హార్పెండెన్ అండ్ బర్క్‌హామ్‌స్టెడ్‌లో పోలింగ్ 75 శాతం. విద్యార్థులు, అద్దె ఇళ్లవారు ఎక్కువగా ఉండే మాంచెస్టర్ రషోమ్‌లో 40 శాతం. ఈ తేడా విధానాల్లోకి పాకుతుంది. పెన్షన్‌ను ఏటా ధరల పెరుగుదల, జీతాల పెరుగుదల, 2.5 శాతం ఈ మూడింటిలో ఏది ఎక్కువైతే అంత పెంచాలన్న 'ట్రిపుల్ లాక్' హామీని 2024లో ప్రధాన పార్టీలన్నీ నిలబెడతామన్నాయి. కుర్రాళ్ల అద్దెల మీద అలాంటి తాళం ఎవరూ వేయలేదు. పెద్దలు తప్పకుండా ఓటేస్తారు, వారి మాట ఖజానా వింటుంది. కుర్రాళ్లు విసిగి ఇంట్లో ఉంటే వారి మాట వినాల్సిన అవసరం తగ్గుతుంది, దాంతో విసుగు ఇంకా పెరుగుతుంది.

పెన్సిల్‌తో తిట్టడం

బ్రిటన్‌లో ఇప్పటికీ కాగితం బ్యాలెట్టే. బూత్‌లో దారం కట్టిన పొట్టి పెన్సిల్ ఉంటుంది, నచ్చిన పేరు పక్క గడిలో ఇంటూ మార్కు పెట్టి మడిచి పెట్టెలో వేయాలి. 'పైవారెవరూ కాదు' అనే గడి లేదు. ఆ మాట చెప్పదలచినవారు కాగితం మీద అడ్డంగా రాస్తారు, తిడతారు, బొమ్మలు గీస్తారు, ఖాళీగా వదిలేస్తారు.

అనుమానమున్న ఓట్లను రిటర్నింగ్ అధికారి అభ్యర్థులకూ ఏజెంట్లకూ ఒక్కొక్కటే చూపించి తేలుస్తాడు. ఓటరు ఉద్దేశం స్పష్టంగా తెలిస్తే మార్కు ఎలా ఉన్నా చెల్లుతుంది. 2015లో వేల్స్‌లోని మాంట్‌గొమరీషైర్‌లో ఒక ఓటరు కన్జర్వేటివ్ అభ్యర్థి గ్లిన్ డేవిస్ పేరు పక్కన గడిలో ఒక అసభ్యమైన బొమ్మ గీశాడు. బొమ్మ శ్రద్ధగా గడి లోపలే ఉంది, కాబట్టి అది డేవిస్‌కు పడ్డ ఓటే అని లెక్కేశారు. ఈ సంగతి నవ్వుతూ బయటపెట్టింది కూడా గెలిచిన డేవిసే. తిట్టబోయినవాడు గెలిపించాడు.

చెల్లని ఓట్లను ఎందుకు తోసిపుచ్చారో నాలుగు రకాలుగా విడదీసి ప్రకటిస్తారు: అధికారిక ముద్ర లేకపోవడం, ఒకరికంటే ఎక్కువమందికి వేయడం, ఓటరెవరో తెలిసిపోయేలా రాయడం, ఖాళీగానో అస్పష్టంగానో వదిలేయడం. 'కోపం' అనే రకం అందులో లేదు. తెలియక చేసిన పొరపాటూ, తెలిసి చేసిన నిరసనా ఒకే కట్టలో కలిసిపోతాయి.

ఈ విషయంలో భారత్ ఒక అడుగు ముందుంది. 2013 సెప్టెంబర్‌లో సుప్రీంకోర్టు తీర్పుతో మనకు నోటా వచ్చింది. అయితే అదీ ఫలితాన్ని మార్చదు. 2024లో ఇండోర్ లోక్‌సభ స్థానంలో కాంగ్రెస్ అభ్యర్థి పోటీ నుంచి తప్పుకున్నాక నోటాకు 2,18,674 ఓట్లు పడ్డాయి, బీజేపీ అభ్యర్థి గెలుపుకు అడ్డే రాలేదు. నోటా చేసేది కోపాన్ని లెక్కించడం వరకే. ఆ లెక్కింపు కూడా బ్రిటన్‌లో లేదు. నోటా మీద ప్రజల అభిప్రాయం అడగాలని 2015లో ఒక పార్లమెంటరీ కమిటీ సిఫారసు చేసింది, ఆ మాట కాగితం మీదే ఉండిపోయింది.

చెత్తబుట్ట తలకాయ

బ్రిటన్ ఎన్నికల్లో ఇంకెక్కడా అంతగా కనబడని ఒక జాతి ఉంది, వేళాకోళం అభ్యర్థులు. 2024లో అప్పటి ప్రధాని రిషి సునాక్ పోటీ చేసిన రిచ్‌మండ్ అండ్ నార్తలర్టన్‌లో 'కౌంట్ బిన్‌ఫేస్' అనే పాత్ర కూడా బరిలో ఉంది. తలమీద చెత్తబుట్ట ఆకారంలో పెద్ద హెల్మెట్. క్రోసాంట్ రొట్టె ధర 1.10 పౌండ్లు మించకూడదన్నది ఆయన హామీల్లో ఒకటి. 308 ఓట్లు వచ్చాయి. ప్రధానమంత్రి గంభీరంగా మాట్లాడుతుంటే వెనక చెత్తబుట్ట నిలబడి ఉండే దృశ్యం కోసమే ఈ పోటీ.

పోటీకి డిపాజిట్ 500 పౌండ్లు, 5 శాతం ఓట్లు రాకపోతే గల్లంతే. 1985లో చట్టం మార్చి 150 నుంచి ఇంతకు పెంచారు. ఇలాంటివారిని వడకట్టడమే ఆ మార్పులో ఒక ఉద్దేశం. వాళ్లు మాత్రం తగ్గలేదు. 1990 మేలో బూటిల్ ఉప ఎన్నికలో 'మాన్‌స్టర్ రేవింగ్ లూనీ పార్టీ' నాయకుడు స్క్రీమింగ్ లార్డ్ సచ్‌కు 418 ఓట్లు వస్తే, మాజీ విదేశాంగ మంత్రి డేవిడ్ ఓవెన్ నడిపిన సోషల్ డెమోక్రటిక్ పార్టీకి (ఎస్డీపీ) 155 వచ్చాయి. పిచ్చి పార్టీ కంటే వెనకబడ్డామని తెలిశాక ఓవెన్ పార్టీ కొద్దిరోజుల్లోనే దుకాణం కట్టేసింది. నిరసన ఓటు సూటిగా ఒక పార్టీ ప్రాణం తీసిన సందర్భాలు అరుదు, ఇది వాటిలో ఒకటి.

డిపాజిట్‌తో నిరసనకారులను ఆపే ప్రయత్నం తెలుగు నేలకూ తెలిసిందే. 1996లో నల్లగొండ లోక్‌సభ స్థానంలో ఫ్లోరైడ్ నీటి సమస్య మీద దేశం దృష్టి పడాలని గుట్టలుగా నామినేషన్లు వేశారు, 480 మంది బరిలో మిగిలారు. బ్యాలెట్ పత్రం పుస్తకమంత అయింది, పోలింగ్ వాయిదా పడింది. ఆ ఏడాదే లోక్‌సభ డిపాజిట్ 500 రూపాయల నుంచి 10 వేలకు పెరిగింది. అయినా 2019లో నిజామాబాద్‌లో పసుపు, ఎర్రజొన్న రైతులు పోటీకి దిగారు, మొత్తం అభ్యర్థులు 185. బ్రిటన్ వేళాకోళానికీ దీనికీ తేడా ఉంది. అక్కడ అభ్యర్థి వ్యవస్థను చూసి నవ్వుతాడు. ఇక్కడ రైతు తన డబ్బు కట్టి అర్జీ పెట్టుకున్నాడు.

ఒక్క ఆసుపత్రి కోసం

కోపం ఒకే చోట, ఒకే విషయం మీద ఉంటే ఇదే వ్యవస్థలో అది చాలా పదునైన ఆయుధం. దీనికి మంచి ఉదాహరణ 2001లో వైర్ ఫారెస్ట్. కిడర్‌మిన్‌స్టర్ ఆసుపత్రిలో అత్యవసర విభాగాన్ని మూసేశారు. ఆ ఆసుపత్రిలోనే పనిచేసి రిటైరైన డాక్టర్ రిచర్డ్ టేలర్ ఆ ఒక్క అంశం మీద నిలబడ్డారు. లిబరల్ డెమోక్రాట్లు తప్పుకుని దారి ఇచ్చారు. సిట్టింగ్ ఎంపీ డేవిడ్ లాక్ లేబర్ ప్రభుత్వంలో జూనియర్ మంత్రి. టేలర్ 58 శాతం ఓట్లతో, 17,630 మెజారిటీతో గెలిచారు. దేశమంతా పోలింగ్ 59 శాతానికి కుప్పకూలిన ఆ ఎన్నికలో వైర్ ఫారెస్ట్‌లో 68 శాతం ఓటేశారు. జనం విసిగింది ఓటు మీద కాదని, వేసినా ఏమీ మారదన్న భావన మీదని చెప్పడానికి ఇంతకన్నా గట్టి రుజువు దొరకడం కష్టం.

2024లో అలాంటి కేంద్రబిందువు గాజా యుద్ధం. కాల్పుల విరమణ మీద లేబర్ నాయకత్వం మొదట్లో తీసుకున్న వైఖరి ముస్లిం ఓటర్లను దూరం చేసింది. లెస్టర్ సౌత్‌లో 2019లో 22,675 మెజారిటీ ఉన్న జొనాథన్ ఆష్‌వర్త్, మంత్రి పదవి ఖాయమనుకున్న నాయకుడు, ఇండిపెండెంట్ షాకత్ ఆడమ్ చేతిలో 979 ఓట్లతో ఓడారు. ఇల్‌ఫర్డ్ నార్త్‌లో వెస్ స్ట్రీటింగ్ 528 ఓట్లతో బయటపడి ఆరోగ్య మంత్రి అయ్యారు. లేబర్ మాజీ నాయకుడు జెరెమీ కార్బిన్‌తో కలిపి బ్రిటన్ ప్రధాన భూభాగంలో అయిదుగురు ఇండిపెండెంట్లు గెలిచారు.

అదే ఊళ్లో పక్క సీటు లెస్టర్ ఈస్ట్ కథ ఇంకా విచిత్రం. దేశమంతా కన్జర్వేటివ్‌లు కూలుతున్న రాత్రి వాళ్లు ఇతరుల నుంచి కొత్తగా గెలుచుకున్న సీటు అదొక్కటే. శివానీ రాజా 14,526 ఓట్లతో గెలిచారు, లేబర్ అభ్యర్థి రాజేశ్ అగ్రవాల్‌కు 10,100 వచ్చాయి. భగవద్గీత మీద ఆమె ప్రమాణం చేసిన వీడియో తెలుగు ఫోన్లలోనూ తిరిగింది, కానీ గెలుపు వెనకున్న లెక్క ఎవరికీ పెద్దగా పట్టలేదు. 2019లో ఓడిపోయిన కన్జర్వేటివ్ అభ్యర్థికి అక్కడ 19 వేలకు పైగా ఓట్లున్నాయి. అంటే పార్టీ ఓట్లు తగ్గినా సీటు గెలిచింది. లేబర్ మాజీ ఎంపీలు ఇద్దరు, క్లాడియా వెబ్, కీత్ వాజ్, విడివిడిగా నిలబడి తొమ్మిది వేల ఓట్లు పైగా చీల్చారు. తెలుగులో దీన్ని రెబెల్ దెబ్బ అంటాం.

బ్రిటన్‌లో చట్టబద్ధంగా ఉంటున్న కామన్వెల్త్ దేశాల పౌరులకు పార్లమెంటు ఎన్నికల్లో ఓటు హక్కుంది. భారత పాస్‌పోర్ట్‌తో అక్కడ చదువుకుంటున్న, ఉద్యోగం చేస్తున్న తెలుగువారు కూడా పేరు నమోదు చేసుకుంటే ఓటేయొచ్చు, బూత్‌లో ఆ పాస్‌పోర్టే గుర్తింపు కార్డుగా చెల్లుతుంది. కొన్ని వందల ఓట్లతో సీట్లు తారుమారయ్యే కాలంలో ఇది చిన్న విషయం కాదు. 2024లో హెండన్ ఫలితం తేలింది 15 ఓట్లతో.

41 లక్షలు, 5 సీట్లు

నైజల్ ఫరాజ్ నాయకత్వంలోని రిఫార్మ్ యూకేకు 41 లక్షల ఓట్లు, 14.3 శాతం వచ్చాయి. సీట్లు 5. లిబరల్ డెమోక్రాట్లకు 35 లక్షల ఓట్లు, 12.2 శాతం, సీట్లు 72. తక్కువ ఓట్లొచ్చినవారికి పద్నాలుగు రెట్లు ఎక్కువ సీట్లు. లేబర్‌కు సుమారు 24 వేల ఓట్లకొక ఎంపీ పడితే, రిఫార్మ్‌కు 8 లక్షల పైచిలుకు ఓట్లకొకరు పడ్డారు.

కారణం భూగోళం. రిఫార్మ్ ఓటు దేశమంతా పలచగా పరుచుకుంది. అన్నిచోట్లా కొంత ఉంది, గెలిచేంత ఎక్కడో గానీ లేదు, 98 చోట్ల రెండో స్థానంలో ఆగింది. లిబరల్ డెమోక్రాట్లు దక్షిణ ఇంగ్లండ్‌లో గెలవగలిగే సీట్లు ఏరుకుని అక్కడే కాలరిగేలా తిరిగారు. 2019లో వారికి 11.6 శాతం ఓట్లతో 11 సీట్లు, ఇప్పుడు 12.2 శాతంతో 72. ఓటు అరశాతం పైన పెరిగింది, సీట్లు ఆరు రెట్లయ్యాయి. ఈ పెరుగుదలకు తోడ్పడింది వ్యూహాత్మక ఓటు. లేబర్ అభిమానులు తమ పార్టీకి ఆశ లేనిచోట లిబరల్ డెమోక్రాట్లకు వేశారు, వాళ్లు వీళ్లకు వేశారు. మనసులో ఉన్న పార్టీ ఒకటి, గడిలో గుర్తు మరొకటి. ఇలా పడిన ఓటును చూసి ఓటరు ఏం కోరుకున్నాడో చెప్పలేం. ఎవరు వద్దనుకున్నాడో మాత్రం చెప్పగలం.

నిరసన ఓటు మీద బతికే పార్టీకి ఇంకో గండం గెలుపు తర్వాత వస్తుంది. 2010లో రెండు పెద్ద పార్టీల మీద విసుగెత్తినవారు నిక్ క్లెగ్ నాయకత్వంలోని లిబరల్ డెమోక్రాట్లకు 23 శాతం ఓట్లిచ్చారు. యూనివర్సిటీ ఫీజులు పెంచనివ్వమని ఆ పార్టీ అభ్యర్థులు సంతకాలు చేసి మరీ ఫోటోలు దిగారు. కన్జర్వేటివ్‌లతో కలిసి ప్రభుత్వంలో చేరాక ఫీజు గరిష్ఠ పరిమితి ఏడాదికి 9 వేల పౌండ్లయింది. 2015లో 57 సీట్లు 8కి పడిపోయాయి. నిరసనగా ఓటు తెచ్చుకున్నవాడు కుర్చీలో కూర్చున్న రోజు నుంచి నిరసనకు గురి అవుతాడు.

ప్రతి ఓటూ లెక్కకొచ్చిన రోజు

2015 పార్లమెంటు ఎన్నికలో పోలింగ్ 66 శాతం. ఏడాది తిరిగాక, 2016 జూన్ 23న యూరోపియన్ యూనియన్‌లో ఉండాలా వద్దా అన్న బ్రెగ్జిట్ రెఫరెండంలో 72.2 శాతం. మామూలు ఎన్నికల వైపు చూడనివారు కూడా ఆ రోజు క్యూలో నిలబడ్డారు. రెఫరెండంలో కంచుకోటలుండవు. సండర్‌లాండ్ ఓటూ లండన్ ఓటూ ఒకే కుప్పలో పడి సమానంగా తూగుతాయి. దశాబ్దాలుగా ఒకే పార్టీ గెలిచే ఊళ్లలో తమ ఓటుకు విలువ లేదనుకున్నవారికి ఒక ధర దొరికింది. ఆ రోజు 'బయటికే' అన్న 51.9 శాతంలో యూరప్ మీద కోపం ఎంత, లండన్ మీద కోపం ఎంత అన్నది ఇప్పటికీ విడదీయలేని లెక్క.

అలాంటప్పుడు ఓట్ల లెక్కింపు పద్ధతినే మార్చొచ్చు కదా అన్న ప్రశ్న సహజం. న్యూజిలాండ్ ఆ పని చేసింది. అక్కడ 1978, 1981లో వరుసగా రెండుసార్లు ఎక్కువ ఓట్లొచ్చిన పార్టీ ప్రతిపక్షంలో కూర్చుంది, 1981లో 20 శాతం దాటిన మూడో పార్టీకి రెండే సీట్లు దక్కాయి. జనం 1993 రెఫరెండంలో దామాషా, అంటే ఓట్ల శాతాన్ని బట్టి సీట్లివ్వడం, కలిసిన పద్ధతికి మారారు. బ్రిటన్‌లో 2011లో అడిగింది దామాషా గురించి కాదు, ప్రాధాన్యక్రమంలో ఓటేసే పద్ధతి గురించి. దాన్ని 68 శాతం తోసిపుచ్చారు, ఓటేసింది 42 శాతం మందే. పాత పద్ధతిలో గెలిచిన పార్టీయే దాన్ని మార్చాలి, గెలిచినవారికి అది బాగానే కనబడుతుంది.

వెడల్పెక్కువ, లోతు తక్కువ

ఇలా వచ్చిన మెజారిటీ చెరువు నిండా నీళ్లున్నట్టు కనబడుతుంది, దిగితే మోకాలి లోతు. లేబర్‌కు 2024లో వేసినవారిలో ఎక్కువమంది మరొకరిని దించడానికి వేశారు. దించడం అయిపోయాక వారికి ఆ పార్టీతో పని లేదు. మొదటి నెలల్లోనే వృద్ధుల చలికాలపు ఇంధన భత్యాన్ని చాలామందికి కోసేయడం, తర్వాత వెనక్కి తగ్గడం ఈ బలహీనతను ఇంకా బయటపెట్టాయి.

2025 మే 1న రన్‌కార్న్ అండ్ హెల్స్‌బీ ఉప ఎన్నిక వచ్చింది. ఏడాది కిందట లేబర్ 14,696 మెజారిటీతో గెలిచిన సీటు. రీకౌంటింగ్ తర్వాత రిఫార్మ్ అభ్యర్థికి 12,645, లేబర్‌కు 12,639. తేడా ఆరు ఓట్లు. పోలింగ్ 46 శాతం. అదే రోజు ఇంగ్లండ్ స్థానిక ఎన్నికల్లో రిఫార్మ్ 677 సీట్లు గెలిచి పది కౌన్సిళ్లను చేజిక్కించుకుంది. పలచగా పరుచుకున్న ఓటు ఒక మోతాదు దాటితే అదే వ్యవస్థ దాన్ని సీట్ల వరదగా మారుస్తుంది. 14 శాతం దగ్గర శిక్షించిన పద్ధతి 30 శాతం దగ్గర బహుమతి ఇస్తుంది.

దాదాపు ఆరు నెలల తర్వాత వేల్స్‌లో కథ ఇంకో మలుపు తిరిగింది. 2025 అక్టోబర్ 23న కేర్‌ఫిలీలో వేల్స్ శాసనసభ సీటుకు ఉప ఎన్నిక. బొగ్గు గనుల ప్రాంతం, తరాలుగా లేబర్ కంచుకోట. సర్వేలు రిఫార్మ్ వైపు చూపించాయి. దాన్ని ఆపగలిగేది వేల్స్ జాతీయవాద పార్టీ ప్లైడ్ కమ్రీ అని జనం లెక్కేసుకున్నారు. ప్లైడ్ 47 శాతంతో గెలిచింది, రిఫార్మ్‌కు 36 శాతం, లేబర్‌కు 11 శాతం. అక్కడ నిరసన పార్టీయే నిరసనకు గురి అయింది. లేబర్ మీద అలిగినవారు, రిఫార్మ్ వస్తుందేమోనని భయపడ్డవారు ఒకే గడిలో మార్కు పెట్టారు. 2021లో 44 శాతం దగ్గర ఉన్న పోలింగ్ ఆ రోజు 50 శాతం దాటింది.